పొక్కుకు పేరు పెట్టే ముందు...

ఒంటి మీద నీటి పొక్కు లేస్తే మన ఇళ్లలో మందు కంటే ముందు దానికో పేరు దొరుకుతుంది. పిల్లాడికి ఒళ్లంతా లేస్తే అమ్మవారు. పెద్దాయనకు నడుం పక్కన గుత్తిగా లేస్తే సర్పి. పొద్దున లేచేసరికి మెడ మీద కనిపిస్తే సాలెపురుగు పాకింది. నోట్లో వస్తే వేడి చేసింది. పేరు దొరికిందంటే ఇంటిల్లిపాదికీ సగం ధైర్యం వచ్చేస్తుంది. ఆ పేరుకు తగ్గ వైద్యమూ సిద్ధంగానే ఉంటుంది. ఒకదానికి వేపాకు, ఇంకోదానికి జాజు పూత, మరోదానికి పసుపు. దేనికీ తగ్గకపోతే మెడికల్ షాపు ట్యూబు.

ఈ పేర్లన్నీ తప్పని అనడం లేదు. చాలాసార్లు అమ్మమ్మ పెట్టిన పేరే సరిపోతుంది కూడా. చిక్కల్లా ఏమిటంటే, పేరు పెట్టేశాక మనం ఇక చూడటం మానేస్తాం. జ్వరంలాగే పొక్కు కూడా జబ్బు కాదు, లోపలి జబ్బుకు గుర్తు. దాని వెనక పదుల కొద్దీ కారణాలుంటాయి. కొన్ని వారం తిరిగేసరికి వాటంతటవే పోతాయి. కొన్నింటికి మూడు రోజుల్లోపు మందు పడితేనే పూర్తి ఫలితం. కొన్నింటిని ‘రేపు చూద్దాంలే’ అని వదిలేస్తే ప్రాణం మీదికి తెస్తాయి. పైకి కనిపించేది మాత్రం అన్నింటిలోనూ ఒకటే... చర్మం కింద కాస్త నీరు! అందుకే పొక్కును చూసి కాకుండా, దాని వెనకున్న కథ తెలుసుకుని జబ్బును గుర్తించాలి. ఆ కథ డాక్టరు కంటే ముందు తెలిసేది ఇంట్లో వాళ్లకే.

ఆ నీరు ఎక్కడిది?

మన చర్మంలో పై పొర, కింది పొర అని రెండు ముఖ్యమైన పొరలుంటాయి. పై పొరలోని కణాలు గోడలో ఇటుకల్లా ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. ఆ పొర మొత్తం కింది పొరకు అతుక్కుని ఉంటుంది. ఈ అతుకు ఎక్కడ ఊడినా అక్కడ ఖాళీ ఏర్పడి, చుట్టుపక్కల నుంచి నీరు ఊరి చేరుతుంది. అదే పొక్కు. కందిగింజంత లోపు ఉంటే పొక్కు అనీ, అంతకంటే పెద్దదైతే బొబ్బ అనీ అనుకోవచ్చు.

అతుకు పైపైన ఊడితే పొక్కు పైకప్పు పల్చగా ఉండి, దుప్పటి తగిలినా చితికిపోతుంది. లోతుగా ఊడితే పైకప్పు మందంగా ఉండి, బొబ్బ బిగుతుగా రోజుల తరబడి నిలుస్తుంది. ఈ ఒక్క తేడాతోనే చర్మ వైద్యులు సగం జబ్బుల్ని పక్కన పెట్టేయగలరు. ఇక అతుకును ఊడదీసేవి ఏమిటంటే... కొత్త చెప్పుల రాపిడి, వేడి నూనె, వైరస్, బ్యాక్టీరియా విషం, పురుగు రసం, పడని మందు, చివరికి మన సొంత రోగనిరోధక శక్తి కూడా!

ఇంట్లో వేసుకోవాల్సిన అయిదు ప్రశ్నలు

ఒకటి: పొక్కులు ఎక్కడ ఉన్నాయి, ఎలా పరుచుకున్నాయి? ఒకవైపే పట్టీలాగానా, గీత గీసినట్టుగానా, ఒళ్లంతానా? రెండు: పొక్కు రావడానికి ముందు ఏం జరిగింది? నొప్పా, దురదా, జ్వరమా? మూడు: నోట్లో, కళ్లలో, మర్మాంగాల దగ్గర కూడా ఉన్నాయా? నాలుగు: గత రెండు నెలల్లో కొత్తగా ఏ మందు మొదలుపెట్టారు? అయిదు: పొక్కులు ఎవరికి వచ్చాయి? పసిబిడ్డకా, గర్భిణికా, షుగర్ ఉన్నవాళ్లకా, డెబ్బై దాటిన పెద్దలకా?

ఈ అయిదింటికీ జవాబులతో వచ్చిన కుటుంబానికి ఓపీలో అయిదు నిమిషాల్లో దారి చూపించవచ్చు. ‘నిన్నటి నుంచి పొక్కులండీ’ అని మాత్రమే చెబితే అరగంటైనా చాలదు.

అమ్మవారు: గౌరవం సరే, మందు మానొద్దు

పిల్లల్లో ఒళ్లంతా పొక్కులకు బాగా తెలిసిన కారణం ఆటలమ్మ, అంటే చికెన్‌పాక్స్. వైరస్ సోకిన 10 నుంచి 21 రోజులకు బయటపడుతుంది. మొదట ఛాతీ, వీపు మీద ఎర్రటి మచ్చలు లేచి, గంటల్లోనే నీటి పొక్కులవుతాయి. తల వెంట్రుకల మధ్య కూడా వస్తాయి. ఒకే చోట కొత్త మచ్చ, నిండు పొక్కు, ఎండిన పెచ్చు... మూడూ కలిసి కనిపించడం దీని ప్రత్యేకత.

మన పెద్దలు మశూచిని చూసినవాళ్లు. ఆ రోజుల్లో అమ్మవారు అనే మాట వెనక నిజమైన ప్రాణభయం ఉండేది. మశూచి ప్రపంచం నుంచే పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980లో ప్రకటించింది. మాట మాత్రం ఆటలమ్మకు మిగిలిపోయింది. రోగిని విడిగా ఉంచడం, తేలికపాటి తిండి, విశ్రాంతి... ఈ ఆచారాల్లో మంచే ఉంది. ‘మందు వేస్తే అమ్మవారికి కోపం వస్తుంది’ అన్న దగ్గరే ఇబ్బంది మొదలవుతుంది. గోరువెచ్చటి నీళ్లతో స్నానం చేయించవచ్చు. గోళ్లు కత్తిరించాలి. జ్వరానికి పారాసెటమాల్ చాలు. పిల్లలకు ఆస్పిరిన్ అసలు ఇవ్వకూడదు, అది కాలేయాన్నీ మెదడునూ దెబ్బతీసే ప్రమాదముంది. డాక్టరు చెప్పకుండా ఐబూప్రొఫెన్ కూడా వద్దు.

చిన్నపిల్లల్లో చాలావరకు తేలిగ్గా పోయే ఈ జబ్బు పెద్దవాళ్లలో గట్టిగానే ఉంటుంది. ఊపిరితిత్తులకు పాకితే న్యుమోనియా అవుతుంది. పన్నెండేళ్లు దాటిన పిల్లలకూ, పెద్దలకూ పొక్కులు కనిపించిన 24 గంటల్లోపు యాంటీవైరల్ మందు మొదలుపెడితే మేలు. ఇంట్లో గర్భిణి ఉండి, ఆమెకు గతంలో ఆటలమ్మ రాకపోతే, పొక్కులు లేచేదాకా ఎదురుచూడకుండా ముందే డాక్టరుకు చెప్పాలి. కాన్పుకు సరిగ్గా కొద్ది రోజుల ముందో, కాన్పైన వెంటనే తల్లికి ఆటలమ్మ వస్తే పుట్టిన బిడ్డకు చాలా ప్రమాదం. దీనికి టీకా ఉంది. ప్రభుత్వ ఉచిత టీకాల పట్టికలో లేదు కాబట్టి మన ఇళ్లలో చాలామంది మరచిపోతారు. పిల్లల డాక్టరును అడిగి రెండు డోసులూ వేయించండి. ఇంట్లో ఒకరికి వచ్చాక కూడా, ఇంతవరకు రాని వాళ్లు మూడు నుంచి అయిదు రోజుల్లోపు టీకా వేయించుకుంటే జబ్బు రాకుండానో, వచ్చినా తేలిగ్గా పోయేలానో చేయవచ్చు. అయితే గర్భిణులకు ఈ టీకా వేయకూడదు.

సర్పి: తల, తోక కలిస్తే కాదు... మూడు రోజులు దాటితే ప్రమాదం

ఆటలమ్మ తగ్గినా వైరస్ ఒంట్లోంచి పోదు. వెన్నుపాము పక్కనున్న నరాల మూలాల్లో ఏళ్ల తరబడి నిద్రపోతుంది. వయసు పైబడినప్పుడో, రోగనిరోధక శక్తి తగ్గినప్పుడో లేచి, ఒక నరం దారి వెంటే చర్మం మీదికి వస్తుంది. అదే సర్పి, అంటే హెర్పిస్ జోస్టర్. పొక్కుల కంటే రెండు మూడు రోజుల ముందే నొప్పి, మంట మొదలవుతాయి. ఛాతీలో వస్తే గుండె నొప్పేమో అనీ, నడుం దగ్గర వస్తే కిడ్నీలో రాయేమో అనీ పరీక్షలకు తిరుగుతుంటారు. తర్వాత అదే చోట పొక్కుల పట్టీ బయటపడుతుంది.

పాము నడుం చుట్టూ తిరిగి తల, తోక కలిస్తే మనిషి దక్కడని ఒక భయం ఉంది. నరాలు కుడివైపు వేరు, ఎడమవైపు వేరు. అందుకే సర్పి దాదాపు ఎప్పుడూ ఒంటి మధ్యగీత దగ్గరే ఆగిపోతుంది. కాబట్టి తల, తోక కలవవు. మరి మంత్రంతో తగ్గిందంటారేమిటి? పొక్కులు మందు వేసినా వేయకున్నా రెండు నుంచి నాలుగు వారాల్లో ఎండిపోతాయి. ఆ పేరు మంత్రానికి వస్తుంది. కానీ సర్పిలో అసలు గొడవ పొక్కులతో కాదు, నరంతో. పొక్కులు మానినా మూడు నెలలు దాటి, కొందరిలో ఏళ్ల తరబడి, కరెంటు షాకు కొట్టినట్టు నొప్పి మిగిలిపోతుంది. చొక్కా తగిలినా భరించలేరు. అరవై దాటిన వాళ్లలో ఇది మరీ ఎక్కువ.

పొక్కులు కనిపించిన 72 గంటల్లోపు యాంటీవైరల్ మందు మొదలుపెట్టాలని అంటున్నది అందుకే. జాజు పూయించుకోవాలన్న నమ్మకం ఉంటే ఉండనివ్వండి. అయితే ముందు ఆస్పత్రికి రండి. మూడు రోజులు దాటినా సరే, కొత్త పొక్కులు ఇంకా వస్తుంటే, లేదా కంటి దగ్గర ఉంటే, మందు ఇవ్వాల్సిందే.

రెండు చోట్ల సర్పికి మరీ తొందర అవసరం. నుదురు మీద, ముఖ్యంగా ముక్కు కొస మీద పొక్కు ఉంటే కన్ను దెబ్బతినే అవకాశం ఉందని అర్థం. అదే రోజు కంటి డాక్టరుకు చూపించాలి. చెవి దగ్గర పొక్కులు లేచి మూతి వంకర పోతే ముఖ నరం దెబ్బతింటోందని గుర్తించాలి. చిన్న వయసులో సర్పి వచ్చినా, ఒకటికి మించి చోట్ల వచ్చినా షుగర్, హెచ్‌ఐవీ పరీక్షలు చేయించుకోవడం మంచిది. యాభై దాటిన వాళ్లకు సర్పి టీకా మన దేశంలో 2023 నుంచి దొరుకుతోంది. ఖరీదు ఎక్కువే. అయినా ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే డాక్టరుతో ఒకసారి మాట్లాడటం మంచిది.

పురుగు కుట్టదు, మనమే నలిపేస్తాం

వానాకాలంలో ట్యూబులైటు చుట్టూ చేరే సన్నటి పురుగు ఒకటుంది. నారింజ, నలుపు పట్టీలతో పెద్ద చీమలా ఉంటుంది. నగరాల్లో దీన్ని యాసిడ్ ఫ్లై అంటున్నారు. అసలు పేరు పెడెరస్. ఇది కుట్టదు, కరవదు. మెడ మీద వాలినప్పుడు మనం నలిపేస్తే దాని ఒంట్లోని పెడెరిన్ అనే రసం చర్మానికి అంటుకుంటుంది. ఒకటి రెండు రోజులకు అక్కడ గీత గీసినట్టు ఎర్రటి మంట, దాని మీద పొక్కులు లేస్తాయి. మోచేతి మడతలో ఒకవైపు అంటుకుంటే ఎదురువైపు కూడా అచ్చు పడుతుంది. సర్పి అని చాలామంది పొరబడేది దీన్నే. పురుగు వాలితే నలపకుండా ఊదేయండి. నలిగితే వెంటనే సబ్బునీళ్లతో కడగండి, ఆ చేత్తో కన్ను నలపొద్దు.

నల్లజీడి సంగతీ ఇలాంటిదే. కీళ్లనొప్పులకని నల్లజీడి రసం చుక్కలు పెట్టించుకునే అలవాటు ఇంకా పోలేదు. ఆ రసం తగిలిన చోట చర్మం కాలినట్టు బొబ్బలు లేస్తుంది. పలాస లాంటి చోట్ల జీడిపిక్కలు ఒలిచే వాళ్ల చేతులు చూసిన వాళ్లకు ఈ రసం సంగతి చెప్పక్కర్లేదు. వెల్లుల్లి నూరి కట్టినా, జిల్లేడు పాలు పూసినా అంతే. నొప్పికి వైద్యం అనుకున్నది కొత్త గాయమవుతుంది.

మాత్ర వేసుకున్నాక వచ్చే పొక్కు

మన మధ్యతరగతి ఇళ్లలో అందరికంటే ఎక్కువగా తెలియాల్సింది ఇది. కొందరికి విరేచనాల మాత్రో, నొప్పుల మాత్రో వేసుకున్న ప్రతిసారీ పెదవి మీదో, చేతి మీదో సరిగ్గా అదే చోట ఎర్రటి మచ్చ లేచి, పొక్కి, నల్లమచ్చగా మిగిలిపోతుంది. ‘ఎప్పుడూ ఇక్కడే వస్తుందండీ’ అన్న మాట వినగానే డాక్టరు అడిగేది ఒకటే: ‘ముందు రోజు ఏ మాత్ర వేసుకున్నారు?’ ఆ మాత్ర పేరు తెలుసుకుని జీవితాంతం దూరంగా ఉంటే చాలు.

రెండోది అలా వదిలేసేది కాదు. కొత్త మందు మొదలుపెట్టిన నాలుగో రోజు నుంచి నాలుగు వారాల లోపు... ముందు జ్వరం, ఒళ్లునొప్పులు, కళ్ల మంట. తర్వాత నోరంతా పుండ్లు. చర్మం మీద నొప్పితో కూడిన ముదురు ఎరుపు మచ్చలు, వాటి మీద బొబ్బలు. ముట్టుకుంటే చర్మం తడి కాగితంలా ఊడిపోతుంది. దీన్ని స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్ అంటారు. శరీరంలో 30 శాతం కంటే ఎక్కువ చర్మం ఊడితే టాక్సిక్ ఎపిడెర్మల్ నెక్రోలైసిస్ అంటారు. ఆ దశకు చేరిన వాళ్లలో దాదాపు ముగ్గురిలో ఒకరు దక్కరు. బతికినవాళ్లలోనూ కొందరికి చూపు దెబ్బతింటుంది.

దీనికి ఎక్కువగా కారణమయ్యేవి కొన్నే: మూర్ఛకు వాడే కార్బమజెపైన్, ఫెనిటోయిన్, లామోట్రిజిన్, యూరిక్ యాసిడ్‌కు వాడే అల్లోప్యూరినాల్, సల్ఫా మందులు, కొన్ని నొప్పుల మాత్రలు. ఇవన్నీ మంచి మందులే, లక్షల మందికి మేలు చేస్తున్నవే. ఈ ప్రమాదం చాలా అరుదు. ఏళ్ల తరబడి ఇబ్బంది లేకుండా వాడుతున్న వాళ్లు భయపడి మానేయాల్సిన పనిలేదు. భయపడాల్సింది అవసరం లేకుండా మొదలుపెట్టడానికి. హెల్త్ చెకప్ ప్యాకేజీలో యూరిక్ యాసిడ్ కాస్త ఎక్కువ కనిపిస్తుంది. కీళ్లనొప్పి ఉండదు, రాళ్లుండవు. పక్కింటాయన వాడే మాత్ర పేరు కనుక్కుని తెచ్చుకుంటారు. మూడు వారాలకు జ్వరం, నోటి పుండ్లు. ‘వైరల్ ఫీవరేమో’ అని యాంటీబయాటిక్ తోడవుతుంది. కారణమైన మాత్ర మాత్రం రోజూ పడుతూనే ఉంటుంది. ఆ కాగితంలోని ఎర్ర అంకెకు కాకుండా మనిషికి వైద్యం చేసుంటే ఆ మాత్ర అవసరమే ఉండేది కాదు.

ఈ జబ్బులో అన్నిటికంటే పెద్ద వైద్యం, కారణమైన మందును వెంటనే ఆపడం. అందుకే కొత్త మందు వాడుతూ జ్వరంతో పాటు నోటి పుండ్లు, కళ్ల మంట, పొక్కులు కనిపిస్తే తర్వాతి డోసు వేసుకోకుండా అదే రోజు పెద్దాస్పత్రికి రండి. మూర్ఛ మందు వాడేవాళ్లు దాన్ని ఆపి ఇంట్లో కూర్చోకూడదు, ఫిట్స్ వస్తాయి. ఆస్పత్రిలో చేరితే దాని బదులు వేరే మందు ఇస్తారు. వచ్చేటప్పుడు ఇంట్లో ఉన్న మందు స్ట్రిప్పులన్నీ, ఖాళీవైనా సరే, సంచిలో వేసుకుని రండి.

నెలల తరబడి మానని నోటి పూత

నోటి పూతకు బీకాంప్లెక్స్ మింగడం మనకు అలవాటు. రెండు వారాల్లో తగ్గితే సరే. నెలలు గడిచినా పుండ్లు మానకపోతే, కారం కాదు కదా మజ్జిగన్నం కూడా మింగలేకపోతే, ఆ తర్వాత ఛాతీ మీదో తల మీదో చితికిపోయే బొబ్బలు మొదలైతే, అది పెంఫిగస్ కావచ్చు. కణాల్ని అతికించే ప్రొటీన్ల మీద మన రోగనిరోధక శక్తే దాడి చేయడం వల్ల వచ్చే జబ్బిది. చాలామందిలో ముందు నోట్లోనే మొదలవుతుంది. పళ్ల డాక్టరు, చెవి ముక్కు గొంతు డాక్టరు, పొట్ట డాక్టరు... ఇలా తిరిగీ తిరిగీ ఆలస్యంగా చర్మ విభాగానికి చేరుతుంటారు. చిన్న ముక్క తీసి బయాప్సీ, ఇమ్యునోఫ్లోరెసెన్స్ పరీక్షలు చేస్తే తేలిపోతుంది.

స్టెరాయిడ్లు రాకముందు ఈ జబ్బు వచ్చిన వాళ్లలో ఎక్కువమంది బతికేవారు కాదు. 1980లలో ఢిల్లీ ఎయిమ్స్‌లో డాక్టర్ జె.ఎస్.పస్రీచా రూపొందించిన పల్స్ చికిత్స మన దేశంలో ఎంతోమందిని నిలబెట్టింది. ఇప్పుడు రిటుక్సిమాబ్ ఇంజెక్షన్లు కూడా వచ్చాయి. కాబట్టి భయం అక్కర్లేదు, ఓపిక కావాలి. ‘స్టెరాయిడ్ అట’ అని ఎవరో అంటే మధ్యలో ఆపేయడం అన్నింటికంటే ప్రమాదం. ఇంకో మాట. ఇది అంటువ్యాధి కాదు. కంచం, గ్లాసు, పక్క వేరు చేయాల్సిన పనిలేదు. పుండ్ల నొప్పి కంటే ఆ వేరు కంచమే వాళ్లను ఎక్కువ బాధిస్తుంది.

డెబ్బై దాటిన పెద్దల్లో దీనికి దగ్గరి చుట్టం ఇంకొకటుంది, బుల్లస్ పెంఫిగాయిడ్. నెలల పాటు విపరీతమైన దురద, తర్వాత తొడలు, పొట్ట, చేతుల మీద బిగుతైన పెద్ద బొబ్బలు. ముసలితనంలో దురద మామూలే అని వదిలేయొద్దు. షుగర్‌కు వాడే గ్లిప్టిన్ మాత్రలతో కొందరిలో ఇది వస్తుంది కాబట్టి, డాక్టరుకు మీ షుగర్ మందుల చీటీ కూడా చూపించండి. సొంతంగా మాత్రం ఆపొద్దు.

షుగర్ కాళ్లకు నొప్పి తెలియదు

షుగర్ ఎక్కువ కాలంగా ఉన్నవాళ్లకు కొన్నిసార్లు ఏ దెబ్బా తగలకుండానే పాదం మీద రాత్రికి రాత్రే బొబ్బ లేస్తుంది. నొప్పి ఉండదు. చాలావరకు దానంతటదే మానుతుంది కానీ, చిదిమితే చీము పట్టి వేలు తీసేసే దాకా వెళ్లవచ్చు. అంతకంటే తరచూ మేం చూసేది కాలిన బొబ్బల్ని. స్పర్శ తగ్గిన పాదాలకు వేడినీళ్ల కాపడం పెట్టుకుంటారు. ఎండాకాలం మధ్యాహ్నం గుడి చుట్టూ వట్టికాళ్లతో ప్రదక్షిణలు చేస్తారు. ఇంటికొచ్చి చూసుకుంటే అరికాలు మొత్తం బొబ్బ! కాపడం నీళ్లను ముందు ఇంట్లో మరొకరు చేత్తో చూడాలి. మొక్కు ఉంటే తెల్లవారుజామున తీర్చుకోండి.

కాలు వాచి, ఎర్రబడి, దాని మీద ఊదారంగు లేదా నెత్తుటి బొబ్బలు లేచి, కనిపించే దానికి మించిన నొప్పి, జ్వరం ఉంటే మాత్రం రేపటి దాకా ఆగొద్దు. చర్మం కింది కండర పొరలు కుళ్లిపోతున్నాయేమో చూడాలి, ఇందులో గంటలు లెక్క. పొలంలోనో పెరట్లోనో ఏదో కరిచాక వాపుతో నెత్తుటి బొబ్బలు లేస్తే రక్తపింజర కాటు కావచ్చు. నేరుగా యాంటీవెనమ్ ఉన్న ఆస్పత్రికే వెళ్లాలి.

పిల్లల విషయంలో...

అయిదేళ్లలోపు పిల్లలకు అరచేతులు, అరికాళ్లు, నోట్లో చిన్న పొక్కులు వస్తే అది హ్యాండ్-ఫుట్-మౌత్ జబ్బు. 2022లో కేరళలో టమోటా ఫ్లూ అని హడావుడి జరిగినప్పుడు నిపుణులు వేలు చూపించింది చాలావరకు దీనివైపే. వారం పది రోజుల్లో తగ్గుతుంది. మింగలేక నీళ్లు తాగడం మానేయకుండా చూసుకోవాలి, బడికి పంపకూడదు. ముక్కు, మూతి చుట్టూ పొక్కి తేనె రంగు పెచ్చులు కడితే బ్యాక్టీరియా వల్ల వచ్చే ఇంపెటిగో. దీనికి యాంటీబయాటిక్ అవసరం. తగ్గిన కొన్ని వారాల్లో ముఖం ఉబ్బినా, మూత్రం ఎర్రగా వచ్చినా కిడ్నీలకు సంబంధించిన సమస్య కావచ్చు, వెంటనే చూపించాలి. నెలలోపు పసిగుడ్డు ఒంటి మీద ఏ పొక్కు కనిపించినా అదే రోజు పిల్లల డాక్టరు చూడాల్సిందే.

టీ, సాంబారు ఒలికి కాలితే 20 నిమిషాల పాటు కుళాయి కింద ధారగా నీళ్లు పోయండి. ఐసు, టూత్‌పేస్ట్, సిరా, నెయ్యి... ఏవీ వద్దు.

చిదమకండి, పూయకండి

పొక్కు పైకప్పు ప్రకృతి కట్టిన కట్టు. అది ఉన్నంతసేపు కింద పుండు శుభ్రంగా మానుతుంది. సూదితో గుచ్చితే ఆ తలుపు మనమే తెరిచినట్టు. మరీ పెద్ద బొబ్బ ఇబ్బంది పెడుతుంటే ఆస్పత్రిలో శుభ్రమైన సూదితో నీరు తీసి, పైకప్పు అలాగే ఉంచుతారు. దానంతటదే చితికితే శుభ్రమైన నీళ్లతో కడిగి, వాసెలిన్ రాసి, అంటుకోని గాజు గుడ్డ కప్పండి. వేలాడే చర్మాన్ని లాగొద్దు.

మెడికల్ షాపులో ‘అన్నిటికీ పనిచేస్తుంది’ అని ఇచ్చే ట్యూబుల్లో చాలావాటిలో బలమైన స్టెరాయిడ్ ఉంటుంది. హెర్పిస్ వైరస్ పొక్కు మీద రాస్తే వైరస్ రెచ్చిపోతుంది. మిగతా వాటి మీద రాస్తే గుర్తులు చెరిగిపోయి, డాక్టరు చూసేసరికి జబ్బు ముఖమే మారిపోతుంది. ఇలాంటి క్రీములు చాలావాటిని ప్రిస్క్రిప్షన్ ఉంటేనే అమ్మాలని కేంద్రం 2018లోనే షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. చట్టం కాగితం మీద ఉంది, ట్యూబు కౌంటరు మీద ఉంది!

ఇక చేయాల్సింది మూడు వైపుల నుంచి ఉంది. మందుల షాపుల మీద నిఘా అధికారుల పని. మూర్ఛకో, యూరిక్ యాసిడ్‌కో కొత్త మందు రాసేటప్పుడు ‘జ్వరం, నోటి పుండ్లు, దద్దుర్లు వస్తే ఆపి వెంటనే రండి’ అని ఒక్క మాట చెప్పడం మా డాక్టర్ల పని. ఆస్పత్రి ఎంత రద్దీగా ఉన్నా ఆ మాటకు అర నిమిషం కంటే ఎక్కువ పట్టదు.

మూడోది మీ ఇంటి పని. ఒక చిన్న పుస్తకం పెట్టుకోండి. ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక పేజీ. ఏ మందు ఎప్పుడు మొదలుపెట్టారో తేదీతో రాయండి. ఏదైనా మందు పడకపోతే దాని కంపెనీ పేరు కాదు, లోపలి మందు పేరు ఎర్ర సిరాతో రాయండి. ఏ డాక్టరు దగ్గరకు వెళ్లినా ముందు ఆ పేజీ చూపించండి. మందు పడలేదన్న అనుమానం ఉంటే దేశవ్యాప్త ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమానికి 1800-180-3024 నంబరుకు ఫోన్ చేసి మీరే తెలియజేయవచ్చు. దానికి డబ్బు ఖర్చు లేదు. మీరిచ్చే సమాచారం రేపు మరో ఇంటిని కాపాడవచ్చు.

చివరగా, కింద చెప్పినవాటిలో ఏ ఒక్కటి ఉన్నా పేరు పెట్టడానికి కూర్చోకుండా అదే రోజు ఆస్పత్రికి బయలుదేరండి: పొక్కులతో పాటు నోరు, కళ్లు కూడా పుండ్లు పడటం, కొత్త మందు మొదలుపెట్టిన రెండు నెలల్లోపు పొక్కులు, జ్వరం, నుదురు, ముక్కు, కన్ను, చెవి దగ్గర పొక్కులు, చర్మం ఊడిపోవడం, నెత్తుటి రంగు బొబ్బలతో వాపు, తీవ్రమైన నొప్పి, పసిబిడ్డ, గర్భిణి, షుగర్ పాదం. మిగతావాటికి ఒకటి రెండు రోజులు చూడొచ్చు. ఆ రెండు రోజులూ చూస్తూ ఉండండి. ఏమీ పూయకండి.